కింది నుంచి వెలుతురు

"ఆ ఫ్యాను చూడండి సార్, ఎలా ఊగుతోందో. ఊడి మన నెత్తిన పడిందంటే, చచ్చిపోయామన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఈ ఆఫీసుకి అసలు అడ్రసే లేదాయె!"

ఏజెంట్ అపశకునం కుర్చీని గోడవారకి లాక్కుంటూ అంది. మీటింగు ఇంకా మొదలే కాలేదు.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన తలెత్తి ఫ్యాను వంక చూశాడు. తరవాత, ఎవరూ గమనించలేదనుకుని, తన కుర్చీ కూడా కాస్త వెనక్కి జరుపుకున్నాడు. సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఆయన. తుపాకి గుండ్లకి జంకని మనిషి. అయినా అపశకునం నోట ఒక మాట వచ్చాక, దాన్ని కొట్టిపారేసే ధైర్యం ఆ డిపార్ట్‌మెంటులో ఎవరికీ లేదు.

ఆ కోడ్ పేరు ఆవిడకి ఎవరో కక్ష కొద్దీ పెట్టింది కాదు, పని చూసి పెట్టింది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఈవిడ కీడెంచేసరికే పొద్దుగూకిపోయేది, మేలెంచడానికి తీరిక చిక్కేది కాదు. అందుకే ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళు బతికి బట్టకట్టింది. వీధి తలుపు దగ్గర బాంబు ఉందేమోనని పెరటి తలుపుకి, పెరటి తలుపు దగ్గర కుక్క ఉందేమోనని కిటికీకి వెళ్ళే మనిషి కోసం శత్రువు మాత్రం ఎక్కడని కాపు కాస్తాడు?

ఆఫీసు ఒక లాండ్రీ షాపు పైన ఉంది. తలుపు మీద 'గొడుగులు రిపేరు చేయబడును' అని బోర్డు. ఒకసారి నిజంగానే ఒక ముసలావిడ విరిగిన గొడుగు పట్టుకొచ్చి కదలకుండా కూర్చుంటే, దేశరహస్యాలన్నీ పక్కన పెట్టి పెద్దాయనే పుల్లలు బిగించి ఇవ్వాల్సి వచ్చింది. పనితనం నచ్చి ఆవిడ మర్నాడు ఇంకో రెండు తెచ్చింది.

"లైట్లు ఆపవోయ్" అన్నాడు పెద్దాయన.

పరికరాలు తయారుచేసే మేస్త్రి లేచి స్విచ్ నొక్కాడు. గోడ మీద ఒక బొమ్మ వెలిగింది. గుండ్రంగా, నల్లగా, అంచులు చెదిరిన లోహపు బిళ్ళ.

"మాడిపోయిన బిస్కెట్టులా ఉంది సార్" అన్నాడు మేస్త్రి.

"బైజాంటైన్ నాణెం. కంచుది" అంది అపశకునం, నోరు జారి. "మధ్యలో ఉన్న ఆ పెద్ద ఎమ్ అక్షరం కాదు. వాళ్ళ అంకె. నలభై అని."

గదిలో తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. నోరు జారిన సంగతి అప్పుడు తెలిసిందావిడకి.

"మా అమ్మాయి ఇలాంటివి పోగుచేస్తుంది సార్. ఒక వేలం కంపెనీకి ఫోటోలు కూడా తీసి పెడుతుంది. అందుకని..."

"తెలుసు" అన్నాడు పెద్దాయన. "అందుకే మిమ్మల్ని పిలిపించాను."

ఆవిడ కుర్చీని ఇంకాస్త గోడకి జరుపుకుంది.

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. తీరంలో ఉన్న మన రాడార్లు ఏయే చోట్ల గుడ్డివో చూపించే నక్షా ఒకటి దొంగతనమైంది. ఒక విదేశీ ముఠా దాన్ని ముక్కలు ముక్కలుగా, చిన్న చిన్న చిప్‌లలో బయటికి దాటిస్తోంది. ఆఖరి ముక్క ఒక్కటే మిగిలింది. అదీ దాటితే రేపు ఎవరి సబ్‌మెరైనైనా మన ఒడ్డుకి వచ్చి తలుపు తట్టొచ్చు. చిప్‌లు దాటుతున్నది పాత నాణేల వేలాల్లో. ఆ వేలం కంపెనీ నడిపే ఆవిడ, కోడ్ పేరు నెమలి, మన మనిషే. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి కబుర్లు పంపుతోంది. ఆవిడే ఈ ఫోటోలు పంపింది.

మేస్త్రి వరసగా స్లైడ్లు మార్చాడు. నాణెం తరవాత నాణెం. రాజు మొహం, శిలువ, ఎమ్, కె, ఐ. అన్నీ పై నుంచి వెలుతురు పడి, మొహాలు నిండుగా ఉబ్బి కనిపిస్తున్నాయి. ఉన్నట్టుండి ఒకటి వేరేగా వచ్చింది. రాజు మొహం గుంటపడి, చెంచా బోర్లించి తిప్పినట్టు లోపలికి పోయింది.

"చూశారా? దీనికి వెలుతురు కింది నుంచి వేశారు. వందల నాణేల్లో ఇలాంటివి ఏ కొన్నో ఉంటాయి. ప్రతి వేలంలోనూ వాటిని మాత్రమే, ఏరుకున్నట్టు, ఒకే మనిషి కొంటున్నాడు. బూడిద రంగు గ్లవ్స్ వేసుకునే విదేశీయుడు." పెద్దాయన గొంతు తగ్గించాడు. "అంటే ఏది కొనాలో ఫోటో తీసినవాళ్ళే సైగ చేస్తున్నారు. నెమలి అనుమానం కూడా అదే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు పట్టాలి."

'మా పిల్ల అలాంటిది కాదు సార్.' ఎంత చిన్న మాట! గొంతు దాకా వచ్చింది. పక్కింటి వాళ్ళ పిల్ల గురించైనా ఏ తల్లయినా అడ్డం పడి అనే మాట. కాని అపశకునం నోట్లోంచి వచ్చింది వేరు.

"రిపోర్టు ఎప్పటికి కావాలి సార్?"

మెట్లు దిగుతుంటే లాండ్రీ ఆవిరి మొహానికి కొట్టింది. మొహం వేడెక్కింది ఆవిరికి కాదని ఆవిడకి తెలుసు.

*

కూతురి పేరు ఆవిడ నోట ఎప్పుడూ 'బుల్లి'యే, ఆ పిల్ల ఎంత పెద్దదైనా. వాళ్ళింట్లో వెనక గది బుల్లి స్టూడియో. ఆ గదిలోకి తల్లికి ప్రవేశం లేదు. కారణం ఉంది. ఒకప్పుడు, పాపం మంచికే పోయి, బల్ల మీద ఆకుపచ్చ చిలుము పట్టిన నాణెం చూసి, పిల్ల వేళ్ళకి ఆ విషం అంటుతుందని హడలిపోయి, నిమ్మచెక్క, ఉప్పు పెట్టి తళతళలాడేలా తోమి పెట్టింది. పద్నాలుగు వందల ఏళ్ళుగా పేరుకున్న ఆ పచ్చదనమే దాని విలువని, దాని వయసని, దాని అందమని ఆవిడకేం తెలుసు? బుల్లి ఏమీ అనలేదు. ఆ నాణేన్ని దోసిట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అంతే. తల్లి మీద అరవకపోవడం ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ అలవాటు. అరిస్తే ఈవిడకి గుండెపోటు వస్తుందని ఈవిడే నేర్పింది మరి.

మీటింగు అయిన మర్నాడు పొద్దున్న అపశకునం గది గుమ్మం బయట నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, లోపలికి తొంగిచూసింది.

"బల్ల దగ్గర అంత వంగకే. మెడ పట్టేసిందంటే జీవితాంతం పక్కచూపులే."

"ఊఁ."

బుల్లి కెమెరాని నిట్టనిలువు స్టాండుకి తలకిందులుగా బిగించి, కింద గాజుపలక మీద నాణేన్ని పెట్టింది. నల్ల కంచు కాబట్టి వెలుతురుని మింగేస్తుంది. ఒక పక్క చిన్న దీపం, ఎదురు పక్క పోస్టుకార్డంత తెల్లకాగితం. ఆ కాగితాన్ని వెంట్రుకవాసి జరిపితే రాజుగారి ముక్కు లేస్తుంది, ఇంకాస్త జరిపితే గడ్డం మొలుస్తుంది.

"వెలుతురు ఎటు నుంచైనా వెయ్యొచ్చా?" అంది తల్లి, మామూలుగా అడిగినట్టు.

బుల్లి తల తిప్పి చూసింది. "ఏమిటీ, ఇవాళ నా పని మీద ఇంత ప్రేమ పొంగుకొచ్చింది?"

"తల్లిని. అడక్కూడదా?"

"అడుగు, అడుగు. పై నుంచే వెయ్యాలి. సూర్యుడు పైనే ఉంటాడని మన కళ్ళకి అలవాటు కదా. కింది నుంచి వేస్తే కన్ను మోసపోతుంది. ఎత్తు కాస్తా గుంటలా కనిపిస్తుంది."

"మరి అలా ఎవరైనా వేస్తారా?"

కాగితం జరుపుతున్న చెయ్యి ఆగింది.

"ఒక్కోసారి."

"ఎందుకూ?"

"ఏం లేదులే. నీకు చెప్తే నువ్వు నిద్రపోవు, నన్ను నిద్రపోనివ్వవు." నవ్వి, మొహం పక్కకి తిప్పేసుకుంది.

అబద్ధం చెప్పేవాళ్ళు ఎటు చూస్తారో, చెప్పలేనివాళ్ళు ఎటు చూస్తారో అపశకునం ఎంతోమందికి ట్రైనింగ్ ఇచ్చింది. ఆ రెండింటికీ తేడా ఆ ఒక్కసారీ ఆవిడకి గుర్తురాలేదు. తాడు కనబడితే పామనుకునే ప్రాణం, పడగ కూడా చూసేసింది.

బుల్లి బ్యాగు తగిలించుకుని పనికి వెళ్ళిపోయింది. వెళ్తూ గుమ్మంలో, "తలుపు గడియ వేసుకోమ్మా, దొంగలు పడతారు" అంది, తల్లి రోజూ అనే మాట తల్లికే అప్పజెప్పి.

దొంగ ఇంట్లోనే ఉంది. చెప్పులు విడిచి గదిలోకి అడుగుపెట్టింది. చేతులకి రబ్బరు గ్లవ్స్. శత్రువుల ఇళ్ళలో ఎన్నో సొరుగులు తెరిచిన వేళ్ళు, ఇప్పుడు కన్నకూతురి సొరుగు లాగాయి. దూదిలో పడుకోబెట్టిన నాణేలు. టూత్‌పిక్‌లు, చిలుము గీకడానికి. తను తోమేసిన నాణెం కూడా ఉంది. తళతళలాడుతూనే ఉంది, పారెయ్యలేదు. అడుగు సొరుగులో బట్టల కింద ఒక రేకు డబ్బా. తాళం.

జడపిన్నుతో తాళం తీసింది. లోపల ఒకే ఒక్క నాణెం. రెండు పలకలుగా కోసి ఉంది. లోపల డొల్ల. చిన్న చిప్ పట్టేంత గుంట.

ఆ తరవాత చేసిన పని, చెప్పుకోవడానికే సిగ్గు. బాత్రూములోకి వెళ్ళి, పంపు తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున పెద్దాయనకి ఫోన్ చేసింది.

"డబ్బా దొరికింది సార్. నాణెం దొరికింది. డొల్లది. మా... ఫోటోగ్రాఫర్ గదిలో."

"శభాష్! మీరు తప్ప ఈ పని ఇంకెవరి వల్లా కాదని నాకు ముందే తెలుసు."

ఎప్పుడూ ఒక్క మెచ్చుకోలు మాట అననాయన. ఆ శభాష్ చెవిలో పడితే, ఎంగిలి నీళ్ళు మీద పడ్డట్టయింది. ఫోన్ పెట్టి నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది. మాట పోలేదు.

*

అదే రోజు మధ్యాహ్నం, వేలానికి ముందు సరుకు చూపిస్తున్నారు. కొంత సరుకు అక్కడికక్కడే అమ్ముతున్నారు కూడా. పాత బ్యాంకు భవనంలో పెద్ద హాలు, రాతి నేల, గాజు బీరువాలు. కొనేవాళ్ళు భూతద్దాలు పట్టుకుని, ముక్కులు నాణేలకి ఆనించి, తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లల్ని వెతుక్కుంటున్నట్టు తిరుగుతున్నారు.

అపశకునం ధనవంతురాలైన వితంతువు వేషంలో వచ్చింది. వెండిరంగు విగ్గు, ముత్యాల దండ, చేతికర్ర. చెవిపోగులో రేడియో, దండ మధ్య ముత్యంలో కెమెరా, మైకు. కర్ర పిడి నొక్కితే కొస నుంచి కొక్కెం వస్తుంది. "పొరపాటున నొక్కితే నా కాలికే గుచ్చుకుంటే?" అని ఆవిడ అడిగినప్పుడు మేస్త్రి ఏడుపు మొహం పెట్టాడు. పాపం, ఆ పరికరానికి ఇంకా టెస్టింగ్ జరగలేదు.

నెమలి ఎదురొచ్చింది. నీలం పట్టు గౌను, పొడుగు మెడ, వేలికో ఉంగరం. ఆవిడ నడుస్తుంటే హాల్లో సగం భూతద్దాలు అటు తిరిగాయి.

"బొమ్మా, బొరుసా?" అంది నెమలి, చిరునవ్వుతో. అది కోడ్.

"అంచు మీద నిలబడింది" అంది అపశకునం.

"మీ మనుషుల్ని గుమ్మాల దగ్గర ఉంచండి. అదుగో ఫోటోగ్రాఫర్, మూల బల్ల దగ్గర. కొన్నవాళ్ళకి అక్కడే ఫోటో తీసిస్తోంది. నంగనాచి తుంగబుర్ర మొహం. సరుకు చేతులు మారగానే ఆ పిల్లని పట్టుకోండి. చెయ్యి ఎత్తిందంటే మాత్రం ఉపేక్షించొద్దు, కాల్చెయ్యండి. దాని దగ్గర ఆయుధం ఉంది." ఆ పిల్ల ఈ విగ్గు కింద ఉన్న ఆడదాని కడుపున పుట్టిందని నెమలికి తెలియదు.

"విన్నాను" అన్నాడు చెవిపోగులో పెద్దాయన. "షూటర్లు రెడీ."

అపశకునం కాళ్ళు ఆవిడ చెప్పకుండానే మూల బల్ల వైపు నడిచాయి. బుల్లి తల వంచుకుని పని చేసుకుంటోంది. రెండు పక్కలా గొడుగులున్న పెద్ద ఫ్లాష్ లైట్లు. నేల మీద వాటి వైర్లు చిక్కులు చిక్కులుగా పడి ఉన్నాయి.

"ఎవరి కాలికైనా తగిలి మూతి పళ్ళు రాలితే గాని బుద్ధి రాదు వీళ్ళకి" అని గొణుక్కుంది.

బుల్లి చెయ్యి గాలిలో ఆగిపోయింది. మెల్లగా తలెత్తింది. విగ్గు చూసింది, ముత్యాలు చూసింది, కర్ర చూసింది. కళ్ళలోకి చూసింది. వేషానికి అంత మేకప్ వేసిన మేస్త్రి, గొణుగుడికి మేకప్ వెయ్యడం మర్చిపోయాడు.

కూతురి మొహం మీద మొదట నవ్వు రాబోయింది. ఆ నవ్వు దారిలోనే ఆగి, దాని చోట ఇంకేదో వచ్చింది. తల్లి వెనక గుమ్మంలో నిలబడ్డ నల్లకోటు మనిషిని, కిటికీ దగ్గర ఉన్న రెండోవాణ్ణి బుల్లి చూసింది. వాళ్ళ చూపులు ఎవరి మీద ఉన్నాయో చూసింది. అర్థమైంది. తల్లికి నేల చీలి అందులోకి పోవాలనిపించింది. రాతి నేల, చీలలేదు.

"ఏం కావాలి మేడమ్?" అంది బుల్లి, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో అన్నట్టు.

బల్ల మీద తెరిచిన పెట్టె ఉంది, అమ్మకానికి సిద్ధంగా. పక్కనే ఫోటోలు. ఒక ఫోటోలో రాజు మొహం గుంటపడి ఉంది.

"ఈ నాణెం మొహం ఇలా ఎందుకుందమ్మా?" అంది తల్లి. ఇది పొద్దున్న ఇంట్లో అడిగిన ప్రశ్నే. ఈసారి మాత్రం జవాబు కోసం అడిగింది.

బుల్లి చిన్నగా, గబగబా చెప్పింది.

"అది దొంగది కనక. అచ్చు కొట్టింది కాదు, పోత పోసింది. అంచున అతుకు కనిపిస్తుంది. మా ఓనరమ్మకి చెప్పాను. నోరు మూసుకుని ఫోటో తియ్యమంది. అనుమానం తీరక ఒకటి నా జీతంలో పట్టుకోమని తీసుకెళ్ళి కోసి చూస్తే, లోపల డొల్ల. ఇంక ఎవరికి చెప్పను? కనీసం నాణేలు తెలిసినవాళ్ళు చూసి కొనకుండా ఉంటారని, దొంగవాటికి మాత్రం కింది నుంచి వేస్తున్నాను, వెలుతురు."

"ఇంట్లో... ఇంట్లో మీ అమ్మకి చెప్పలేదా?"

"మా అమ్మ భయస్థురాలు మేడమ్. చచ్చిపోతుంది."

ఆ వెలుతురు శత్రువుకి సైగ కాదు. శత్రువుకి సైగ అవసరమే లేదు, నెమలే చెవిలో చెప్తోంది. అది ఒంటరి పిల్ల పెట్టిన కేక. ఎవరైనా వినండి, ఇది దొంగది అని. వినడానికే జీతం తీసుకునే కన్నతల్లి దాన్ని విని, వెళ్ళి పెద్దాయనకి చెప్పింది.

"సార్" అంది ముత్యాల దండలోకి. "మనిషి తప్పు. ఫోటోగ్రాఫర్ కాదు. నెమలి."

"మీరు తల్లిగా మాట్లాడుతున్నారు" అన్నాడు పెద్దాయన. "డబ్బా చూసింది మీరే కదా?"

చూసింది తనే. ఫోన్ చేసి చెప్పిందీ తనే.

అప్పటికే బూడిద రంగు గ్లవ్స్ మనిషి బల్ల దగ్గరికి వచ్చేశాడు. నెమలి పెట్టె మూసి అతని చేతిలో పెట్టబోయింది. ఇంకొక్క క్షణం. చెప్తే నమ్మరు. చూపించాలి. అపశకునం చేతికర్ర జారినట్టు నటించి, పెట్టెని అడుగు నుంచి ఎగరగొట్టింది.

నాణేలు రాతి నేల మీద పడ్డాయి. ఖణేల్, ఖణేల్ మని ఒక్కొక్కటీ పాట పాడినట్టు మోగాయి. పాతకాలపు కంచు అబద్ధం ఆడదు. వాటి మధ్యలో ఒకటి, చెక్క ముక్కలాగా, టప్ మంది.

హాలంతా ఆగిపోయింది. నాణేలు పోగుచేసేవాళ్ళ చెవులు చెవులు కావు, తక్కెళ్ళు. వంద భూతద్దాలు ఒక్కసారి కిందికి దిగాయి.

అపశకునం ఆ మూగ నాణెం మీద మడమ పెట్టి గట్టిగా తొక్కింది. పటుక్కుమని రెండు పలకలైంది. మధ్యలోంచి గోరంత చిప్ బయటపడింది.

"అయ్యయ్యో!" అంది నెమలి, చాలా తియ్యగా. ఆవిడ చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని మూత తీస్తే రంగు లేదు, తుపాకి గొట్టం ఉంది. అది బుల్లి కణతకి ఆనింది. "పిల్లా, ఆ చిప్ తీసి ఆయనకి ఇయ్యి. ముసలిదానా, నువ్వు కదిలావంటే దీని తల ఎగిరిపోతుంది."

బుల్లి వంగింది. చిప్ తీసి గ్లవ్స్ మనిషి చేతిలో పెట్టింది. అతను వెనక్కి చూసుకుంటూ గుమ్మం వైపు పరిగెత్తాడు. లేస్తూ బుల్లి బల్ల మీదున్న నల్లటి రిమోట్ అందుకుని, చెయ్యి పైకెత్తింది.

చెవిలో పెద్దాయన గొంతు పగిలింది. "ఆయుధం! చెయ్యెత్తింది! షూటర్, ఫైర్..."

"వద్దు!" అపశకునం అరిచిన అరుపుకి పెద్దాయన చెవికి తరవాత డాక్టరు అవసరమైంది. "అది లైటు! నా పిల్ల చేతిలో ఉన్నది ఒట్టి లైటు! కాలిస్తే నన్ను కాల్చండి!" అంటూనే షూటర్‌కీ కూతురికీ మధ్యకి దూకింది.

"కళ్ళు మూసుకోమ్మా!" అంది బుల్లి.

ఎందుకు, ఏమిటి అని అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆవిడ చెడు ఊహించకుండా, చెప్పినట్టు కళ్ళు మూసుకుంది.

రెండు ఫ్లాష్‌లూ ఒక్కసారి పేలాయి. మూసిన రెప్పల్లోంచి కూడా హాలు తెల్లబడింది. నెమలి కెవ్వుమంది. లిప్‌స్టిక్ పేలి గుండు సీలింగుకి తగిలింది. అపశకునం కర్ర పిడి నొక్కింది. కొక్కెం తన కాలికి కాక, అదృష్టవశాత్తు, నెమలి మడమకే తగులుకుంది. నీలం పట్టంతా నేల మీద పరుచుకుంది.

గ్లవ్స్ మనిషి వీధిలోకి తూలుకుంటూ వెళ్ళి, కళ్ళు కనిపించక తడుముకుంటూ, తన కోసం ఆగి ఉన్న కారెక్కి తలుపు వేసుకున్నాడు. "ఎయిర్‌పోర్టుకి! తొందరగా!"

"అలాగేనండీ" అన్నాడు డ్రైవర్ సీట్లో ఉన్న మేస్త్రి, తలుపులన్నిటికీ లాక్ వేస్తూ. "మధ్యలో మా ఆఫీసు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం."

*

హాలు ఖాళీ అయింది. నెమలిని తీసుకెళ్ళారు. చిప్ దొరికింది. పెద్దాయన స్వయంగా వచ్చాడు, ఒక చెవిలో దూది పెట్టుకుని. ఎంత పెద్ద ఆఫీసరైనా ఎక్కడ ఏం మాట్లాడాలో తెలియని మగవాడు మగవాడే. బుల్లి భుజం తట్టాడు.

"శభాషమ్మా! నీ గదిలో డబ్బా సంగతి మీ అమ్మగారు ఫోన్ చేసి చెప్పిన దగ్గర నుంచీ మేం నీ మీదే కన్నేసి ఉంచాం. ఏమైతేనేం, అంతా మంచికే జరిగింది."

బుల్లి కింద పడ్డ నాణేలు ఏరుతోంది. ఆ చేతులు ఆగలేదు. ఒక్కొక్కటీ తీసి, నోటితో దుమ్ము ఊది, దూదిలో పడుకోబెట్టింది. తల్లి వైపు చూడలేదు.

తల్లి కూడా వంగి ఒకటి తియ్యబోయింది. బుల్లి ఆ నాణేన్ని ముందుగా తీసేసుకుంది. దురుసుగా కాదు. మెల్లగానే. అదే భరించలేకపోయింది ఆవిడ.

ఇంటికి నడిచే వచ్చారు. దారి పొడుగునా అపశకునం, విగ్గు సంకలో పెట్టుకుని, ఒక్క మాట కూడా అనలేదు. ఎదురుగా లారీ వచ్చింది, అనలేదు. మ్యాన్‌హోల్ మూత తెరిచి ఉంది, అనలేదు. ఆ పిల్లని జాగ్రత్త అనే హక్కు తనకింక ఉందో లేదో తెలియలేదు.

వంటింట్లో టీ పెట్టింది. రెండు కప్పులు బల్ల మీద పెట్టింది. బుల్లి ఎదురుగా కూర్చుంది. కప్పు ముట్టుకోలేదు.

"ఒక్కటి అడుగుతాను" అంది బుల్లి. "నువ్వు ఏం ఉద్యోగం చేస్తున్నావని అడగను. ఎందుకు నాకు చెప్పలేదని కూడా అడగను. నా డబ్బా తెరిచినప్పుడు, నేనే చేశానని నిజంగా అనుకున్నావా?"

ఈ వంటింట్లో ఇప్పుడు ఒక్క అబద్ధం చాలు. లేదమ్మా, డ్యూటీ కాబట్టి చెప్పాను గాని నా మనసులో నమ్మలేదు అంటే సరిపోతుంది. బుల్లి నమ్మినట్టు నటిస్తుంది కూడా. ఆ అబద్ధానికి కావలసిన గొంతు, కళ్ళు, నీళ్ళు, అన్నీ ట్రైనింగులో నేర్చుకున్నవే. శత్రువుల చేతికి చిక్కినప్పుడు, గోళ్ళ కింద సూదులు పెడతామన్నప్పుడు, నోరు విప్పని మనిషి. అప్పుడు మాట్లాడకపోవడం గొప్ప. ఇప్పుడు మాట్లాడకపోవడం పిరికితనం. ఆ తేడా తెలిసి కూడా నోరు పెగల్లేదు.

టీ మీద మీగడ కట్టింది. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చేశారు, అది ఆగిపోయింది, మళ్ళీ స్టార్టు చేశారు. గోడ మీదున్న ఎండ బల్ల మీదికి దిగింది, బల్ల మీంచి నేల మీదికి జారింది. బుల్లి కదల్లేదు. లేచి వెళ్ళిపోతుందేమో అనుకుంది తల్లి. వెళ్ళలేదు. ఎంతసేపైనా కూర్చునేలా ఉంది. ఆ ఓర్పు ఎక్కడి నుంచి వచ్చిందో మరి, ఈవిడ దగ్గర నుంచి మాత్రం కాదు.

కప్పు అంచు మీద వేలు పెట్టి తిప్పుతూ, కళ్ళెత్తకుండా, అపశకునం చివరికి జవాబిచ్చింది.

"అనుకున్నానమ్మా. జైల్లో దుప్పటి పల్చగా ఉంటుందేమో, రెండోది అడిగితే ఇస్తారో ఇవ్వరో అని కూడా అనుకున్నాను."